ముందస్తు ప్రతుల సర్వీసులు: రచయిత డబ్బు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ వృథా

పుస్తకం విడుదలకు ముందే పాఠకులకు ఉచితంగా ఇచ్చే ప్రతిని ముందస్తు ప్రతి అంటారు. అలాంటి ప్రతులు పంచి, సొంతంగా పుస్తకం వేసుకున్న రచయితలకు పాఠకుల రివ్యూలు వచ్చేలా చూస్తామనే సర్వీసులు చాలా ఉన్నాయి. నెట్‌గ్యాలీ, బుక్‌సైరెన్స్, బుక్‌స్ప్రౌట్, స్టోరీఆరిజిన్, లైబ్రరీథింగ్, గుడ్‌రీడ్స్ గివ్‌అవే వాటిలో ఎక్కువగా వినిపించే పేర్లు. (గుడ్‌రీడ్స్ పాఠకులు పుస్తకాలకు స్టార్లు, రివ్యూలు పెట్టుకునే సైట్. గివ్‌అవే అంటే అక్కడ ఉచిత ప్రతులకు తీసే లాటరీ.) వీటిలో ఏదీ రివ్యూ అమ్మదు. చదివే అలవాటున్న మనుషుల చేతికి మీ ఫైలు చేరే ఏర్పాటు మాత్రం అమ్ముతుంది. ఫైలు చేరిన దగ్గర్నుంచి రివ్యూ పడే దాకా ఎంతమంది జారిపోతారన్న దాన్నిబట్టే ఏ సర్వీసు మంచిదో తేలుతుంది.

జారిపోవడం మూడు చోట్ల జరుగుతుంది. కొందరు ఫైలు దించుకుని తెరవరు. కొందరు చదువుతారు, రాయరు. మూడో రకం వాళ్లు చదివి, రాసి కూడా మీకు కావలసిన చోట పెట్టలేరు. ఈ మూడో రకాన్ని రచయితలు దాదాపు పట్టించుకోరు. అమెజాన్ అమెరికా సైట్‌లో రివ్యూ పెట్టాలంటే గడిచిన 12 నెలల్లో ఆ ఖాతా నుంచి కార్డుతో కనీసం 50 డాలర్ల కొనుగోలు జరిగి ఉండాలి. మిగతా దేశాల అమెజాన్ సైట్లకూ ఇలాంటి హద్దే ఉంది. లైబ్రరీ పుస్తకాలతో సరిపెట్టుకునేవాళ్లు, కొనుగోళ్లన్నీ వేరే చోట చేసేవాళ్లు ఎంత బాగా రాసినా అక్కడ పెట్టలేరు. పైగా అమెజాన్‌లో ఒక్క నొక్కుతో స్టార్లు మాత్రం ఇచ్చి వెళ్లే సదుపాయం పుస్తకం కొన్నవాళ్లకే. ఉచిత ప్రతి అందుకున్నవాళ్లు కొన్ని వాక్యాలైనా రాయాల్సిందే. వాళ్ల రివ్యూకి 'వెరిఫైడ్ పర్చేజ్' అన్న ముద్ర కూడా పడదు. అందుకని సర్వీసు ఎంచుకునేటప్పుడు 'మీ దగ్గర ఎంతమంది పాఠకులున్నారు' అని అడిగి లాభం లేదు. ఎక్కడ పెట్టగలరో దరఖాస్తులోనే చెప్పించుకునే వీలుందా, పెట్టాక ఆ లింకు రచయితకు కనిపిస్తుందా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.

ఈ లెక్కన చూస్తే స్టోరీఆరిజిన్ ముందుంటుంది. నెలకు 10 డాలర్లు, ఏడాదికైతే 100. పాఠకుడు ముందస్తు ప్రతి కోసం దరఖాస్తు పెడతాడు. అతను ఇదివరకు రాసిన రివ్యూలు చూసి మీరు ఒప్పుకోవచ్చు, తిప్పి పంపవచ్చు. రివ్యూ పెట్టాక లింకు అక్కడే నమోదవుతుంది కాబట్టి ఎవరు రాశారు, ఎవరు బాకీ ఉన్నారు అన్న పట్టిక దానంతటదే తయారవుతుంది. లోపమేమిటంటే పాఠకుల్ని ఇది పెద్దగా తెచ్చిపెట్టదు. మీకో న్యూస్‌లెటర్ (మీ పాఠకులకు ఈమెయిల్‌లో పంపే ఉత్తరం) ఉండాలి, లేదా అదే జానర్‌లో రాసే మరో రచయితతో కలిసి ఒకరి న్యూస్‌లెటర్‌లో మరొకరి పుస్తకం గురించి చెప్పుకునే పద్ధతిలో దిగాలి. ఇక్కడో జాగ్రత్త ఉంది. పుస్తకం గురించి ఒకరి పాఠకులకు మరొకరు చెప్పడంలో తప్పు లేదు. 'నీ పుస్తకానికి నేను రాస్తా, నా పుస్తకానికి నువ్వు రాయి' అనుకుంటే మాత్రం అమెజాన్ దాన్ని రివ్యూల తారుమారుగానే చూస్తుంది. అంతంతమాత్రం పరిచయమున్న రచయితల గుంపుల్లో ఈ గీత దాటడం చాలా తేలిక.

న్యూస్‌లెటర్ లేని తొలి పుస్తకం రచయితకు బుక్‌సైరెన్స్ ఎక్కువ నప్పుతుంది. పుస్తకం పెట్టడానికి చిన్న రుసుము, ఆపైన పుస్తకం తీసుకున్న ఒక్కో పాఠకుడికి ఇంతని చార్జీ. ఎవరూ తీసుకోకపోతే ఖర్చు పెరగదు. తీసుకుని చదవనివాళ్లకు కూడా చార్జీ పడుతుంది కాబట్టి మొదట్లో పరిమితి చిన్నదిగా పెట్టుకోవాలి. పాతికమందికి ఇచ్చి, మూడు వారాలు ఆగి, వచ్చిన రివ్యూలు లెక్కేసుకుంటే ఒక్కో రివ్యూకి నిజంగా ఎంత పడిందో తెలుస్తుంది. ఇక్కడ ప్రతి పుస్తకాన్నీ తీసుకోరు. కవర్, వివరణ, మొదటి పేజీలు బాగోలేకపోతే వెనక్కి వస్తుంది. కొందరు రచయితలకు ఇది అవమానంగా అనిపిస్తుంది గానీ, నిజానికి ఉచితంగా దొరికిన నాణ్యత పరీక్ష అది. అక్కడ వెనక్కి వచ్చిన కవర్ దుకాణంలో నిలబడుతుందని ఎలా అనుకుంటాం?

బుక్‌స్ప్రౌట్‌ది నెలవారీ చందా పద్ధతి. రివ్యూ ఎక్కడెక్కడ కావాలో రచయిత ముందే గుర్తుపెట్టవచ్చు. గడువు దగ్గరపడితే పాఠకుడికి జ్ఞాపకం చేసే సందేశాలు వాటంతటవే వెళ్తాయి. బాకీలు పేరుకున్న పాఠకుడికి కొత్త పుస్తకాలు దొరకవు. రొమాన్స్, ఫాంటసీ, థ్రిల్లర్ లాంటి జానర్ పుస్తకాలు వెంటవెంటనే వేసేవాళ్లకు ఇది కలిసొస్తుంది. చందా ఎలాగూ నడుస్తోంది కదా, ఏటా మూడు నాలుగు పుస్తకాలు వేస్తే ఒక్కోదానికి ఖర్చు తగ్గుతుంది. మూడేళ్లకో పుస్తకం రాసేవాళ్లు ఒక నెలకు కట్టి, పని కాగానే రద్దు చేసుకోవడం మేలు. ఇక్కడ వేగంగా చదివేవాళ్లు ఎక్కువ కాబట్టి రివ్యూలు చాలావరకు పొట్టిగా, కథ సారాంశంతో నిండి ఉంటాయి. సీరియస్ సాహిత్యం, కవిత్వం, వ్యాసాలు రాసేవాళ్లకు ఇది అంతగా నప్పదు.

నెట్‌గ్యాలీ సంగతి వేరు. 2008లో మొదలైన ఈ సర్వీసు పెద్ద ప్రచురణ సంస్థల కోసం పుట్టింది. లైబ్రేరియన్లు, పుస్తకాల దుకాణాలవాళ్లు, టీచర్లు, బ్లాగర్లు దాని సభ్యులు. రచయిత నేరుగా ఒక పుస్తకాన్ని ఆరు నెలలు పెట్టాలంటే వందల డాలర్లు అవుతుంది. అంత పెట్టలేనివాళ్ల కోసం కొన్ని సంస్థలు తమ ఖాతాలో స్థలాన్ని నెలకింతని పంచుకోనిస్తాయి. వీటిని కో-ఆప్ అంటారు. నెట్‌గ్యాలీ పనికొస్తుందో లేదో తేల్చుకోవాలనుకుంటే ముందు ఒక నెల కో-ఆప్‌లో పెట్టి చూడాలి. మొదటిసారే ఆరు నెలలకు కట్టడం అనవసరం.

నెట్‌గ్యాలీలో ఎక్కువమంది బోల్తా పడేది 'రీడ్ నౌ' దగ్గర. ఇది ఆన్ చేస్తే ఎవరైనా అడక్కుండానే దించుకోవచ్చు. డౌన్‌లోడ్ల సంఖ్య గబగబా పెరుగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ దించుకున్నవాళ్లలో సగం పేజీ కూడా చదవనివాళ్లు బోలెడంతమంది. బదులుగా 'రిక్వెస్ట్' పద్ధతిలో పెట్టి, ఒక్కో సభ్యుడి ప్రొఫైల్ చూసి ఒప్పుకోవాలి. ప్రొఫైల్‌లో ఫీడ్‌బ్యాక్ శాతం ఉంటుంది. తీసుకున్న పుస్తకాల్లో ఎన్నింటికి అభిప్రాయం చెప్పాడో అది చూపిస్తుంది. సభ్యులు 80 శాతానికి పైన నిలవాలని నెట్‌గ్యాలీయే సూచిస్తుంది. 80 ఉన్నంత మాత్రాన చాలదు. ఎన్ని పుస్తకాల మీద 80 అన్నదీ చూడాలి. ఐదు తీసుకుని నాలుగింటికి రాసినవాడికీ, ఐదు వందలు తీసుకుని నాలుగు వందలకు రాసినవాడికీ అదే అంకె కనిపిస్తుంది. ఇద్దరిలో రెండోవాడి మాట మీద భరోసా ఎక్కువ, కానీ అతని వరసలో మీ వంతు రావడానికి ఆలస్యమూ ఎక్కువే.

ఇంకో నిజం. నెట్‌గ్యాలీ అభిప్రాయాలు మొదట నెట్‌గ్యాలీలోనే పడతాయి, తర్వాత గుడ్‌రీడ్స్‌కి వెళ్తాయి. అమెజాన్ దాకా వచ్చేవి తక్కువ. అక్కడి సభ్యులు ఆ వారమే పేరున్న సంస్థలు వేసిన పుస్తకాలు ఉచితంగా చదివి ఉంటారు, మీ పుస్తకాన్నీ వాటి పక్కనే పెట్టి తూస్తారు. ఎడిటింగ్ సరిగా జరగని పుస్తకానికి ఇంతకంటే చెడ్డ చోటు లేదు. ఎడిటింగ్ బాగా జరిగి, లైబ్రరీలకూ దుకాణాలకూ చేరాలనుకునే పుస్తకానికి మాత్రం వేరే ఏ సర్వీసూ ఇంత మంచి పాఠకుల్ని ఇవ్వదు.

గుడ్‌రీడ్స్ గివ్‌అవేల గురించి రచయితల్లో ఉన్న ఆశ దాని ఫలితానికి మించింది. 2018 నుంచి వీటికి రుసుము ఉంది: మామూలు ప్యాకేజీ 119 డాలర్లు, ప్రీమియం 599. కిండిల్ (అమెజాన్ ఈ-బుక్) ప్రతులైతే ఒక్కో గివ్‌అవేలో 100 దాకా పంచవచ్చు. పాల్గొన్న ప్రతి ఒక్కరి 'వాంట్ టు రీడ్' అరలోకి పుస్తకం తనంతట తానే చేరుతుంది, అది మంచిదే. కానీ అరలో చేరిన పుస్తకం అరలోనే ఉండిపోతుంది. గెలిచినవాళ్లకు కొన్ని వారాల తర్వాత రేటింగ్ ఇమ్మని గుర్తుచేస్తారు, అంతకు మించి వాళ్ల మీద ఒత్తిడేమీ లేదు. పేరు నలుగురి కంట పడడానికి 119 పెట్టవచ్చు. రివ్యూల కోసం 599 పెట్టడం దండగ. ఉచిత ప్రతుల పంపిణీయే కావాలంటే లైబ్రరీథింగ్ 'ఎర్లీ రివ్యూయర్స్' పైసా తీసుకోదు. 2007 నుంచి నెలనెలా నడుస్తోంది, సభ్యుడి సొంత పుస్తకాల జాబితాను బట్టి పుస్తకాన్ని కలుపుతుంది. రివ్యూలు నెమ్మదిగా, తక్కువగా వస్తాయి, కానీ ఆలోచించి రాసినవి ఉంటాయి.

గుడ్‌రీడ్స్ స్టార్ల అర్థం కూడా తెలిసి ఉండాలి. అక్కడ మూడు స్టార్లంటే 'నచ్చింది' అని, రెండంటే 'ఫర్వాలేదు' అని. అమెజాన్‌లో మూడు స్టార్లు పడితే కొనేవాడు తటపటాయిస్తాడు. అదే పాఠకుడు రెండు చోట్లా మూడే ఇస్తే రెండు చోట్లా ఒకే మాట అన్నట్టు కాదు. గుడ్‌రీడ్స్ సగటు అమెజాన్ సగటు కంటే తక్కువగా కనిపిస్తే కంగారు పడి ఎవరికీ మెసేజ్‌లు పెట్టొద్దు.

కర్కస్ ఇండీ లాంటి డబ్బు తీసుకునే సమీక్షలు ఈ జాబితాలోకి రావు గానీ, రెంటినీ కలిపేసుకునేవాళ్లున్నారు. కర్కస్ 1933 నుంచి ఉన్న సంస్థ. రచయిత నాలుగు వందల డాలర్లకు పైనే కడితే ఒక సమీక్షకుడు చదివి సుమారు 250 మాటలు రాస్తాడు, బాగుందని రాస్తాడన్న హామీ లేదు. నచ్చకపోతే ప్రచురించకుండా ఆపుకోవచ్చు. దాన్ని ఆథర్ సెంట్రల్ (అమెజాన్‌లో రచయితల సొంత ఖాతా) ద్వారా అమెజాన్ పేజీలోని 'ఎడిటోరియల్ రివ్యూస్' విభాగంలో పెట్టుకోవచ్చు. అది స్టార్ల సగటులో కలవదు, పాఠకుల రివ్యూల సంఖ్యను ఒక్కటి కూడా పెంచదు. కవర్ వెనక వేసుకోవడానికి ఒక మంచి వాక్యం దొరకవచ్చు, అంతే. ఎంపిక చేసిన సమీక్షకులకు ఉచితంగా వస్తువులిచ్చి రాయించే అమెజాన్ సొంత 'వైన్' కార్యక్రమం గురించీ అడుగుతుంటారు. కేడీపీలో (రచయితలు సొంతంగా పుస్తకం వేసుకునే అమెజాన్ వేదికలో) వేసుకున్న రచయితలు నేరుగా అందులో చేరలేరు.

బుక్‌ఫన్నెల్‌ది పూర్తిగా వేరే పని. పాఠకుల్ని వెతకదు, ఫైలు వాళ్ల పరికరంలోకి చేర్చే కష్టం మీ నెత్తిన పడకుండా చూస్తుంది. ప్రతి ఎవరికిచ్చిందో తెలిపే వాటర్‌మార్క్ వేస్తుంది, డౌన్‌లోడ్‌కి గడువు పెట్టనిస్తుంది, దిగకపోతే వాళ్ల సపోర్ట్ వాళ్లే పాఠకుడికి సాయం చేస్తారు. సొంత జాబితాలో యాభై మంది దాటితే దీనికి పెట్టిన డబ్బు వృథా కాదు. అంతకు తక్కువైతే ఈమెయిల్ చాలు. అలా పంపేటప్పుడు ఈపబ్ (ఈ-బుక్ ఫైలు రకం) ఫైలే పంపాలి. సొంత ఫైళ్లను కిండిల్‌లోకి పంపుకునే 'సెండ్ టు కిండిల్' సదుపాయం ఇప్పుడు ఈపబ్ తీసుకుంటుంది, పాత మోబి ఫైళ్లను తీసుకోదు. ఈమెయిల్ ద్వారా కిండిల్‌కి పంపేవాళ్లు తమ ఖాతాలో పంపేవారి చిరునామాకు ముందే అనుమతి ఇచ్చుకోవాలి. లేకపోతే ఫైలు రాదు, పాఠకుడు రెండోసారి ప్రయత్నించడు. ఈ ఒక్క వాక్యం మీ మొదటి ఈమెయిల్‌లో ఉండాలి. ఇక పీడీఎఫ్: ఫోన్‌లో పీడీఎఫ్ చదవడం శిక్ష. పీడీఎఫ్ మాత్రమే పంపితే పేజీని వేళ్లతో సాగదీసి సాగదీసి విసిగి మూసేస్తారు.

ఏ సర్వీసు వాడినా అమెజాన్ నియమాలు ఒకటే. పుస్తకం ప్రతి ఉచితంగా ఇవ్వవచ్చు. 2016 అక్టోబరులో మిగతా వస్తువులకు ఉచితంగా ఇచ్చి రాయించుకోవడాన్ని నిషేధించినప్పుడు కూడా పుస్తకాల ముందస్తు ప్రతులను వదిలేశారు. కానీ ఇచ్చినందుకు రాయాలన్న షరతు పెట్టకూడదు, ఎలా రాయాలో చెప్పకూడదు, రాసినవాళ్లకు లాటరీ, గిఫ్ట్ కార్డ్, కొన్న డబ్బు తిరిగి ఇవ్వడం లాంటివి అసలే కూడదు. కుటుంబ సభ్యులు, దగ్గరి స్నేహితులు రాయకూడదు. పాఠకులకు ఇచ్చే సూచనలో 'ముందస్తు ప్రతి ఉచితంగా అందింది, అభిప్రాయం నాదే' అని రివ్యూలో చేర్చమనండి. 'రివ్యూకి ప్రతిగా అందింది' అని రాయనివ్వొద్దు, అది షరతు పెట్టినట్టు అనిపించి తొలగింపుకి దారి తీయవచ్చు. 'నచ్చితేనే రాయండి' అన్న మాటా వద్దు, మంచి రివ్యూలే ఏరుకోవడం కూడా తారుమారు కిందికే వస్తుంది.

పుస్తకాన్ని కేడీపీ సెలెక్ట్‌లో, అంటే ఈ-బుక్‌ని అమెజాన్‌కే పరిమితం చేసే పథకంలో, పెట్టాలనుకునేవాళ్లకు ఇంకో ముడి ఉంది. అందులో చేరిన 90 రోజులూ ఈ-బుక్ పూర్తిగా ఇంకెక్కడా దొరకకూడదు. 10 శాతం వరకు నమూనాగా చూపవచ్చు. నెట్‌గ్యాలీ పేజీ, బుక్‌సైరెన్స్ పేజీ తెరిచి ఉంచి సెలెక్ట్‌లో టిక్ పెడితే అది ఒప్పందాన్ని మీరడమే. చేరడానికి కనీసం ఒక రోజు ముందు అన్ని డౌన్‌లోడ్ పేజీలూ మూసేయండి. ఇప్పటికే దించుకున్నవాళ్లు చదువుకుంటారు, దానికేం ఇబ్బంది లేదు.

విడుదలకు ముందు అమెజాన్‌లో ఈ-బుక్‌కి పాఠకులు రివ్యూ పెట్టలేరు. ప్రీ-ఆర్డర్ పేజీ ఉన్నా అంతే. ఎప్పుడో చదివి ముగించినవాళ్లు ఆ రోజు కోసం ఎదురు చూడాలి, ఈలోగా మరిచిపోతారు. దీనికి అనుభవమున్న రచయితలు వాడే ఉపాయం ఒకటుంది. పేపర్‌బ్యాక్‌ని ఈ-బుక్ కంటే ఓ వారం ముందు చడీచప్పుడు లేకుండా విడుదల చేస్తారు. పుస్తకం పేరు, రచయిత పేరు అక్షరం తేడా లేకుండా ఉంటే రెండు ఎడిషన్లూ ఒకే పేజీలో కలుస్తాయి, రివ్యూలూ కలుస్తాయి. కలవకపోతే కేడీపీ సపోర్ట్‌కి రాస్తే కలుపుతారు. ఈ-బుక్ విడుదల రోజుకి పేజీ ఖాళీగా ఉండదు.

క్యాలెండర్ విషయానికొస్తే, ప్రతులు ఇవ్వడం విడుదలకు ఆరు వారాల ముందు మొదలుపెడితే చాలు. నెట్‌గ్యాలీకి మాత్రం మూడు నెలలు కావాలి. మరీ ముందు ఇచ్చినా నష్టమే, చదివిన వేడి చల్లారిపోతుంది. ముందస్తు ప్రతి పంపిన పది రోజులకు 'ఫైలు సరిగా తెరుచుకుందా' అని అడగాలి. ఇది రివ్యూ అడిగినట్టు ఉండదు, పైగా తెరవనివాళ్లను తెరిపిస్తుంది. పేపర్‌బ్యాక్ లైవ్ అయిన రోజు లింకుతో రెండో సందేశం, ఈ-బుక్ విడుదలైన నాలుగైదు రోజులకు మూడోది. నాలుగోది పంపితే విసుగు. లింకులో పుస్తకం పది అక్షరాల ఏఎస్ఐఎన్ (అమెజాన్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) దాకా ఉంచి, ఆ తర్వాత తోకలా వచ్చేదంతా తీసేయాలి. వేరే దేశాల పాఠకులకు వాళ్ల దేశపు అమెజాన్ లింకే ఇవ్వాలి, 50 డాలర్ల లాంటి హద్దు ప్రతి సైట్‌కీ విడివిడిగా చూస్తారు. రివ్యూ పెట్టగానే కనిపించకపోతే కొన్ని రోజులు ఆగాలి. పాఠకుణ్ని మళ్లీ పెట్టమని తొందర చేయొద్దు.

మోసాల గురించి రెండు ముక్కలు. 'ఐదేసి స్టార్ల రివ్యూలు ఇరవై, పది రోజుల్లో' అంటూ వచ్చే ఈమెయిళ్లు కొత్తవేం కాదు. ఒక రివ్యూకి 99 డాలర్లు, ఇరవైకి 499, యాభైకి 999 చొప్పున అమ్మిన సైట్ గురించి 2012లోనే న్యూయార్క్ టైమ్స్ రాసింది. 2015లో అమెజాన్ నకిలీ రివ్యూలు రాసిపెడతామన్న వెయ్యి మందికి పైగా మీద దావా వేసింది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) నకిలీ రివ్యూల మీద తెచ్చిన నిబంధన 2024 అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది. నకిలీ రివ్యూ అమ్మినవాళ్ల మీదే కాదు, కొన్నవాళ్ల మీద కూడా జరిమానా పడవచ్చు. సర్వీసు నిజమైనదో కాదో పోల్చుకోవడానికి ఒక గుర్తు చాలు: ఎన్ని రివ్యూలు వస్తాయో, ఎన్ని స్టార్లు వస్తాయో మాట ఇచ్చేది నకిలీ.

ఇవన్నీ ఒక ఎత్తు, పుస్తకం చివరి పేజీ ఒక ఎత్తు. దానికి ఖర్చు లేదు, దాన్ని సరిగా వాడుకునే రచయితలూ తక్కువే. కిండిల్‌లో కొని చదివినవాళ్లకు పుస్తకం ముగిశాక రేటింగ్ అడిగే తెర వస్తుంది, అయితే అది చాలావరకు ఫైలు చివర వస్తుంది. కథ ముగిశాక కృతజ్ఞతలు, రచయిత పరిచయం, తర్వాతి పుస్తకం మొదటి అధ్యాయం, పాత పుస్తకాల జాబితా అంటూ ముప్ఫై పేజీలు పేర్చితే పాఠకుడు ఆ తెర దాకా రాడు. కథ చివరి వాక్యం తర్వాత, తిప్పగానే వచ్చే పేజీలో మూడు వాక్యాలు ఉంటే చాలు: చదివినందుకు థాంక్స్, మీకేమనిపించిందో రెండు మాటలు రాస్తే ఇంకో పాఠకుడికి ఉపయోగం, లింకు ఇదిగో. మిగతావన్నీ ఆ తర్వాత, వీలైనంత కురచగా. ముందస్తు ప్రతిగా పంపే ఫైలులో ఈ పేజీ ఇంకా ముఖ్యం, ఎందుకంటే బయటి నుంచి కిండిల్‌లోకి పంపిన ఫైలుకి ఆ రేటింగ్ తెర స్టోర్ పేజీతో ముడిపడదు. అందుకే రెండు ఫైళ్లు వేరుగా తయారు చేసుకోవాలి. ముందస్తు ప్రతిలో విడుదల తేదీ, ఎక్కడ పెట్టవచ్చో రాయాలి. అమ్మకపు ప్రతిలో ఆ తేదీ మిగిలిపోకుండా తీసేయాలి. అదే పుస్తకాన్ని ఆపిల్ బుక్స్‌లోనో కోబోలోనో కూడా అమ్ముతుంటే ఆ ఫైలులో అమెజాన్ లింకు ఉండకూడదు, పోటీ దుకాణం లింకున్న పుస్తకాన్ని వెనక్కి పంపవచ్చు. ఒక్కో దుకాణానికి ఒక్కో ఫైలు చేసుకునే ఓపిక లేకపోతే, మీ సొంత సైట్‌లో అన్ని దుకాణాల లింకులున్న ఒక పేజీ పెట్టి అన్ని ఫైళ్లలోనూ దాని చిరునామానే ఇవ్వవచ్చు.